తగ్గిన ధరకు కారణం అడగండి

రమజాన్ ఉపవాసాలు ముగిసి షవ్వాల్ మాసం ప్రవేశించగానే మన ఇళ్ళలో నికాహ్ తేదీల మాట మొదలవుతుంది. ఈ మధ్య సంవత్సరాలలో ఆ మాసం ఎండాకాలపు తొలి రోజులలోనే వస్తోంది. పెళ్ళి సామాను కొనేవారూ, ఎండకు తాళలేక ఫ్రిజ్ కోసమో కూలర్ కోసమో బయలుదేరినవారూ ఒకే అంగడిలో కలుసుకుంటున్నారు. తిరుపతి, చిత్తూరు పట్టణాలలో వారిని ఆకర్షిస్తున్న బోర్డులు కొన్ని ఉన్నాయి: 'ఫ్యాక్టరీ అవుట్‌లెట్', 'కంపెనీ సెకండ్స్', 'డిస్‌ప్లే పీసులు సగం ధరకే'. పెద్ద షోరూములో ముప్పై వేలు పలికే వాషింగ్ మెషిన్ ఇక్కడ పద్దెనిమిది వేలకు దొరుకుతుంది. పరిమితమైన ఆదాయం గల కుటుంబానికి ఆ పన్నెండు వేలు చిన్న మొత్తం కాదు.

ఇటువంటి వస్తువులు కొనవచ్చునా అని మమ్మల్ని అప్పుడప్పుడు అడుగుతుంటారు. కొనవచ్చు. లోపమున్న సరుకును ఆ లోపం చెప్పి అమ్మటమూ, తెలిసి కొనటమూ షరీఅత్‌లో సమ్మతమే. అయితే అడగవలసిన ప్రశ్న మరొకటి ఉన్నది. ఈ వస్తువు ధర ఎందుకు తగ్గింది? ఊరక ఎవరూ ధర తగ్గించరు. ఆ కారణం కొనేవారికి తెలిస్తే అది బేరం, తెలియకపోతే అది జూదానికి దగ్గర.

మేము మద్రసాలో 'హిదాయా' బోధించేటప్పుడు ఖియారె ఐబ్ అనే అధ్యాయం వస్తుంది. కొన్న వస్తువులో లోపం బయటపడినప్పుడు దానిని తిరిగి ఇచ్చివేసే హక్కును గురించిన అధ్యాయం అది. ఎనిమిది వందల సంవత్సరాల క్రితపు గ్రంథం కాబట్టి ఉదాహరణలన్నీ ఆనాటి అంగడి సరుకును గురించినవే ఉంటాయి. విద్యార్థులు ఆవలిస్తున్నారని తోచినప్పుడు మేము వాటి స్థానంలో ఫ్రిజ్‌ను నిలబెడతాము. అప్పుడు తరగతి మేలుకుంటుంది. ఆ అధ్యాయంలో లోపానికి ఇచ్చిన నిర్వచనం ఎంతో సూటిగా ఉంటుంది. వర్తకుల వాడుకలో ఏది వస్తువు ధరను తగ్గిస్తుందో అదే లోపం. అంటే ధర తగ్గుదల, లోపం ఒకే నాణేనికి రెండు ముఖాలు. అవుట్‌లెట్ అంగడి బోర్డు మీద ఒక ముఖమే కనిపిస్తుంది.

అసలు ఈ అంగళ్ళ పుట్టుక నిజాయితీగానే జరిగింది. అమెరికాలో మిల్లులు, కార్ఖానాలు తమ వద్ద మిగిలిపోయిన, కొద్దిపాటి లోపమున్న సరుకును మొదట తమ కార్మికులకే తక్కువ ధరకు ఇచ్చేవి. తరువాత బయటివారికీ తలుపు తెరిచాయి. 1970లలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని రీడింగ్ పట్టణం ఇటువంటి దుకాణాలకు పేరుపొందింది. వ్యాపారం పెరిగాక, అవుట్‌లెట్‌లో అమ్మటానికే ప్రత్యేకంగా తక్కువ రకం సరుకు తయారుచేయించి దానికి 'తగ్గింపు' చీటీ తగిలించే పద్ధతి వచ్చింది. దీని మీద విచారణ జరపాలని 2014లో ఆ దేశపు చట్టసభ సభ్యులు కొందరు ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌ను కోరారు కూడా. ఆ పేరు సముద్రాలు దాటి మన వీధిలోకి వచ్చేసరికి అర్థం మరింత పలచబడింది. ఇప్పుడు మన వద్ద ఏ అంగడివాడైనా 'ఫ్యాక్టరీ' అనే మాట బోర్డు మీద రాయించుకోవచ్చు.

మన జిల్లాలో ఈ మాటకు మరొక భ్రమ తోడయింది. సత్యవేడు, వరదయ్యపాళెం ప్రాంతంలోని శ్రీసిటీలో డైకిన్, బ్లూ స్టార్, లాయిడ్ కంపెనీలు ఏసీలు తయారుచేస్తున్నాయి. ఎల్‌జీ కంపెనీ కార్ఖానాకు 2025 మే నెలలో అక్కడే శంకుస్థాపన జరిగింది. రేణిగుంట వైపు టీవీలు, వాటి తెరలు తయారుచేసే సంస్థలున్నాయి. "ఫ్యాక్టరీ మన పక్కనే ఉంది, నేరుగా అక్కడినుండే వస్తుంది, అందుకే చవక" అని అంగడివాడంటే నమ్మబుద్ధి అవుతుంది. కార్ఖానా దగ్గరలో ఉన్నంత మాత్రాన బోర్డు మీద ఆ మాట రాసుకున్న దుకాణం ఆ కార్ఖానాది అయిపోదు. కంపెనీ సరుకు గోదాములు, డీలర్ల మీదుగా ప్రయాణిస్తుంది. తయారైన చోటికి పక్క ఊరిలో ఉన్నా, మన చేతికి వచ్చేలోపు అది ఏ ఏ చేతులు మారిందో సీరియల్ నంబరు చెప్పగలదు, బోర్డు చెప్పలేదు.

ఇంతకూ ధర తగ్గటానికి కారణాలు ఏమిటి? నిరపాయమైనవి కొన్ని ఉన్నాయి. కొత్త మోడల్ రావటంతో పాతది మిగిలిపోతుంది. అట్టపెట్టె చిరిగిపోతుంది. తలుపు మీద గీత పడుతుంది. వీటిలో కొనేవాడికి లాభమే తప్ప నష్టం లేదు. తరువాతి రకం డిస్‌ప్లే పీస్. ఫ్రిజ్ అయితే అంగడిలో చాలా వరకు ఖాళీగా నిలబడి ఉంటుంది కాబట్టి ఫరవాలేదు. టీవీ సంగతి వేరు. అది పూర్తి వెలుతురు మీద రోజుకు పది గంటలు, నెలల తరబడి వెలిగి ఉంటుంది. దాని ఆయుష్షులో కొంత భాగం అంగడిలోనే కరిగిపోయింది. మూడవ రకం కొనుగోలుదారులు వాపసు చేసినవి, బాగుచేసి మళ్ళీ అమ్మేవి. వీటినే ఓపెన్ బాక్స్ అనీ రిఫర్బిష్డ్ అనీ అంటున్నారు. ఎవరు బాగుచేశారన్నదే ఇక్కడ ముఖ్యం. కంపెనీ బాగుచేసి కంపెనీ వారంటీ ఇస్తే ఒక లెక్క, వీధి చివరి మెకానిక్ గ్యాస్ నింపి పంపితే మరొక లెక్క. చివరిది ప్రమాదకరమైనది: రవాణాలో పడిపోయినవి, నీటిలో నానినవి. బీమా సంస్థలు పరిహారం చెల్లించాక అటువంటి సరుకు వేలంలో అమ్ముడుపోతుంది. 2021 నవంబరు వరదలు చూసిన తిరుపతివారికి నీట మునిగిన మోటారు తరువాత ఎలా ప్రవర్తిస్తుందో మేము చెప్పనక్కరలేదు.

ఒక్క డెంట్ విషయమే తీసుకోండి. తలుపు మీద సొట్ట పడితే అది కంటికి మాత్రమే లోపం. ఫ్రిజ్ పక్క గోడ మీద సొట్ట పడితే అలా అనుకోవటానికి వీలులేదు. నేటి ఫ్రిజ్‌లలో చాలా వాటికి వేడిని బయటికి పంపే గొట్టాలు ఆ పక్క రేకు వెనుకనే ఉంటాయి. ఫ్రిజ్ పనిచేస్తున్నప్పుడు పక్కలు వెచ్చగా తగలటం మీరు గమనించే ఉంటారు. అక్కడ తగిలిన దెబ్బ గొట్టాన్ని నొక్కివేస్తే గ్యాస్ నెమ్మదిగా, వారాల తరబడి కారిపోతుంది. అంగడిలో చూసినప్పుడు బాగానే చల్లబడుతుంది. రెండు నెలలకు మంచు కట్టటం మానేస్తుంది. వెనుకవైపు కంప్రెసర్ దగ్గర రాగి గొట్టాల అతుకులు చూడండి. పాత మురికి మధ్యలో ఒక అతుకు మాత్రం కొత్తగా మెరుస్తున్నదంటే ఎవరో దానిని విప్పి మళ్ళీ అతికారన్నమాట. తలుపు రబ్బరు పట్టు చూడటానికి ఒక కాగితం మధ్యలో పెట్టి తలుపు మూసి లాగండి. సులువుగా వచ్చేస్తే చల్లదనం కూడా ఆ దారినే పోతుంది. వాషింగ్ మెషిన్ అయితే సబ్బుపొడి వేసే అర, నూలుపోగులు చిక్కే జాలీ విప్పి చూస్తే అది ఒకరి ఇంట్లో తిరిగి వచ్చిందో లేదో తెలుస్తుంది. ఏసీకి లోపలి పెట్టె, బయటి పెట్టె ఒకే జతవా కావా అని మోడల్ నంబర్లు సరిపోల్చాలి. స్టార్ గుర్తు ఆ జతకు ఇచ్చినదే గాని విడివిడిగా ఒక్కొక్క పెట్టెకు ఇచ్చినది కాదు.

స్టార్ గుర్తు అన్నాము కాబట్టి దాని సంగతి కొంత వివరంగా చెప్పాలి. పాత సరుకు చవకగా రావటానికి ఇదొక పెద్ద కారణం, పైగా కంటికి కనిపించని కారణం. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ అనే కేంద్ర సంస్థ ఈ గుర్తులు ఇస్తుంది. కొలమానాన్ని అది అప్పుడప్పుడు బిగిస్తూ ఉంటుంది. 2026 జనవరి 1 నుండి ఏసీలకు, ఫ్రిజ్‌లకు అలాగే బిగించింది. నిన్నటి అయిదు నక్షత్రాల ఏసీ నేటి లెక్కలో సుమారుగా నాలుగుకు దిగుతుంది. అందువలన నక్షత్రాలు లెక్కపెట్టి ఊరుకోకుండా, లేబుల్ మీద దాని గడువు ఏ సంవత్సరం వరకు అని ఉన్నదో, ఏడాదికి ఎన్ని యూనిట్లు ఖర్చవుతాయని ఉన్నదో చదవాలి. రెండు ఫ్రిజ్‌ల మధ్య ఏడాదికి 150 యూనిట్ల తేడా ఉన్నదనుకోండి. యూనిట్ 6 రూపాయల స్లాబులో బిల్లు కట్టే ఇంటికి అది ఏడాదికి 900, పదేళ్ళకు 9,000 రూపాయలు. అంగడిలో మిగిలిన నాలుగు వేలను కరెంటు బిల్లు తాపీగా రెండింతలు చేసి వసూలు చేసుకుంటుంది.

పన్ను విషయంలో కూడా ఒక కిటుకు ఉంది. 2025 సెప్టెంబరు 22 నుండి ఏసీల మీద, 32 అంగుళాలకు మించిన టీవీల మీద జీఎస్టీ 28 నుండి 18 శాతానికి తగ్గింది. ఫ్రిజ్‌లకూ వాషింగ్ మెషిన్లకూ 2018 జూలై నుండే 18 శాతం. పన్ను కాక 25,000 విలువ గల ఏసీ పాత పన్నుతో 32,000 అయ్యేది, ఇప్పుడు 29,500. అంటే పాత ఎంఆర్‌పీ చీటీ చూపించి "ఎనిమిది శాతం డిస్కౌంట్" అని ఎవరైనా అంటే, వారు తమ జేబు నుండి దాదాపుగా ఏమీ ఇవ్వలేదు. ప్రభుత్వం తగ్గించిన పన్నునే తమ కానుకగా చూపిస్తున్నారు.

మాకు బాగా తెలిసిన పలమనేరు వైపు కుటుంబం ఒకటి ఉంది. తండ్రి ఆటో నడుపుతారు. పెద్ద కుమార్తె నికాహ్‌కు అవతలివారు నోరు తెరిచి ఏమీ అడగలేదు, అడగకుండానే ఆశించారు. జహేజ్ అనే ఆ పీడను గురించి ఇక్కడ రాస్తే పేజీలు చాలవు, దాని మీద మా అభిప్రాయం పాఠకులకు తెలియనిది కాదు. ఆ తండ్రి ఒక తగ్గింపు అంగడిలో డబుల్ డోర్ ఫ్రిజ్ కొన్నారు. బిల్లు అడిగితే, "భాయ్, బిల్లు కావాలంటే జీఎస్టీ పడుతుంది, ఈ రేటుకు రాదు" అని తెల్లకాగితం మీద అంకె వేసి ఇచ్చారు. మూడు నెలలకు ఫ్రిజ్ చల్లబడటం ఆగిపోయింది. కంపెనీవారికి ఫోన్ చేసి సీరియల్ నంబరు చెబితే, అది రెండేళ్ళ క్రితమే మరొక ఊరిలో మరొకరి పేర అమ్ముడుపోయిందని తేలింది. వారంటీ గడువు అప్పటికే ముగిసింది. అంగడివాడు ఆ తెల్లకాగితం తనది కాదన్నాడు. ఇటు తండ్రికి డబ్బు పోయింది. అటు అత్తవారింట్లో "మీ నాన్న పాత సామాను అంటగట్టాడు" అనే మాట ఆ బిడ్డ ప్రతిరోజూ వినవలసి వచ్చింది. ఆయన మోసం చేయలేదు, మోసపోయారు. ఆ తేడా ఆ ఇంట్లో ఎవరికీ పట్టలేదు.

ఆ తండ్రికి లేకుండా పోయింది ఒక కాగితం. కొనక ముందే సీరియల్ నంబరు రాసుకొని కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి, ఈ నంబరు ఇప్పటికే అమ్ముడుపోయినట్లు నమోదై ఉన్నదా, వారంటీ ఎప్పటినుండి మొదలవుతుంది అని అడగవచ్చు. అయిదు నిమిషాల పని. వారంటీ కంపెనీదా, అంగడిదా అని కూడా తేల్చుకోవాలి. 'షాపు వారంటీ' అంటే ఆ షాపు అక్కడ ఉన్నంతవరకే.

గత సంవత్సరం మా మద్రసా వంటశాలకు ఫ్రిజ్ అవసరమై మేము రెండు మూడు అంగళ్ళు తిరిగాము. ఒక చోట, "హజ్రత్, మీరు చూసుకోనక్కరలేదు, ఇది ఫ్యాక్టరీ పీస్" అన్నారు. ధర ఎందుకు తగ్గిందని అడిగితే నవ్వి, "రేటు తక్కువైతే కూడా కారణం కావాలా?" అన్నారు. మేము సలాం చెప్పి బయటికి వచ్చేశాము. మరొక చోట ఒక యువకుడు అడగకుండానే ఫ్రిజ్‌ను గోడ నుండి ముందుకు జరిపి, తలుపు కింది భాగంలో సొట్ట చూపించాడు. "గోదాములో ట్రాలీ తగిలింది, లోపల ఏమీ కాలేదు, కావాలంటే రెండు గంటలు ఆన్ చేసి వెళ్ళండి, మళ్ళీ వచ్చి చూడండి" అన్నాడు. జుహర్ నమాజు చేసుకొని వచ్చి చూశాము. బిల్లు మీద సీరియల్ నంబరుతో పాటు 'తలుపు కింద డెంట్, ఆ కారణంగా తగ్గింపు' అని రాయమంటే సంతోషంగా రాశాడు. ఈ వాక్యం ఇద్దరికీ మేలు చేస్తుంది. ఆ సొట్టను సాకుగా చూపి మేము రేపు వెళ్ళి తగాదా పడలేము. రాసిన సొట్ట కాక మరేదైనా లోపం బయటపడితే అతడు తప్పించుకోలేడు.

ఫిఖ్‌హ్ పండితుల మధ్య ఇక్కడ ఒక ఆసక్తికరమైన చర్చ ఉంది. "ఇందులో ఏ లోపమున్నా నాకు సంబంధం లేదు, ఇష్టమైతే కొను" అని అమ్మేవాడు ముందే షరతు పెడితే ఏమవుతుంది? లోపాలను ఒక్కొక్కటిగా పేర్కొనకపోయినా ఆ షరతు చెల్లుతుందని హనఫీ పండితులన్నారు. షాఫయీ పండితులు అంత సులువుగా ఒప్పుకోలేదు. అవుట్‌లెట్ బోర్డు మీది 'ఉన్నది ఉన్నట్లు' అనే మాట ఈ షరతే. అయితే హనఫీల ప్రకారం కూడా, తెలిసిన లోపాన్ని దాచినవాడు పాపం నుండి బయటపడడు. తడిసిన ధాన్యాన్ని కుప్ప లోపల దాచిన వర్తకుని దైవప్రవక్త (స) మందలించిన ఉదంతం ఎరుగనివారు మనలో ఉండరు. మరొక ముఖ్యమైన అంశం: లోపం తెలిసిన తరువాత కూడా వస్తువును వాడుకుంటూ పోతే, దానిని అంగీకరించినట్లే లెక్క, తిరిగి ఇచ్చే హక్కు పోతుంది. కాబట్టి తేడా కనిపించిన రోజే వాడకం ఆపి అంగడికి కబురు చేయాలి.

దేశ చట్టం కొనుగోలుదారునికి ఇంతకంటే విశాలమైన రక్షణే ఇచ్చింది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై 20 నుండి అమలులోకి వచ్చింది. బిల్లు ఇవ్వకపోవటం, వాడిన లేదా బాగుచేసిన సరుకును కొత్తదని చెప్పి అమ్మటం అందులో అనుచిత వ్యాపార పద్ధతులు. లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజులలోగా వెనక్కి తీసుకోవటానికి నిరాకరించటమూ అంతే. 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని గోడకు తగిలించిన అట్టముక్కకు లోపమున్న సరుకు విషయంలో బలం లేదు. 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. రెండేళ్ళలోగా వెళ్ళాలి. వస్తువు వెల అయిదు లక్షలకు మించకపోతే రుసుము లేదు. వస్తువును చెన్నైలోనో వేలూరులోనో కొన్నా, మనం నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. సరిహద్దు దాటి సరుకు తెచ్చుకునే చిత్తూరువారికి ఇది చాలా ఉపయోగకరమైన సౌలభ్యం.

వాయిదాల మాట కూడా ఒకటి చెప్పి ముందుకు వెళతాము. 'సున్నా వడ్డీ వాయిదాలు' అనే మాటను మనవారు చాలామంది హలాల్ అనుకొని సంతకాలు పెడుతున్నారు. అసలు సున్నా వడ్డీ అనేదే లేదని, వడ్డీని ప్రాసెసింగ్ ఫీజులోనో మరొక రూపంలోనో దాస్తున్నారని 2013 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకే బ్యాంకులను హెచ్చరించింది. రొక్కం ఇస్తే 22,000, వాయిదాలైతే నెలకు 2,000 చొప్పున పన్నెండు నెలలు అన్నారంటే ఆ తేడా ఎవరికి పోతున్నదో చూడండి. అంగడివాడే స్వయంగా, ముందుగా ఒకే ధర నిర్ణయించుకొని, ఆలస్యానికి అదనం వేయకుండా వాయిదాల మీద అమ్మితే అది సమ్మతమే, ధర కొంత ఎక్కువైనా సరే. మధ్యలో ఫైనాన్స్ కంపెనీ వచ్చి డబ్బు అప్పుగా ఇచ్చి వడ్డీ తీసుకుంటే అది వేరు.

వాసిలా బిన్ అస్‌ఖఅ (రజి.) ఉదంతం హదీసు గ్రంథాలలో ఉన్నది. ఒక వ్యక్తి ఒంటెను కొని వెళుతుంటే ఆయన వెంటపడి వెళ్ళి, దీనిని మాంసానికి కొన్నావా, ప్రయాణానికి కొన్నావా అని అడిగారు. హజ్ ప్రయాణానికి అన్నాడతడు. దాని పాదానికి రంధ్రముంది, అంత దూరం నడవలేదని ఆయన చెప్పారు. నా బేరం పాడుచేశావని అమ్మినవాడు నిష్ఠూరమాడాడు. లోపం చెప్పకుండా అమ్మటమూ ధర్మం కాదు, తెలిసినవాడు ఊరకుండటమూ ధర్మం కాదని దైవప్రవక్త (స) బోధించినట్లు ఆయన బదులిచ్చారు. ఈ ఉదంతంలో మాకు ఎంతో నచ్చేది ఆ మొదటి ప్రశ్న. మాంసానికైతే ఆ రంధ్రం లోపమే కాదు. మా వంటశాలలో తలుపు సొట్టను ఎవరూ చూడరు. అదే ఫ్రిజ్ కొత్త పెళ్ళికూతురితో వెళితే, ఆ సొట్ట మాట్లాడుతుంది. కొనేటప్పుడు ఎక్కడ వాడబోతున్నామో మనమూ చెప్పాలి, అమ్మేవాడూ అడగాలి. మన యువకులలో చాలామంది ఈ అంగళ్ళలో సేల్స్‌మెన్‌గా, డెలివరీ వాహనాల మీద, మరమ్మతుల పనిలో ఉన్నారు. సొట్ట ఎక్కడుందో యజమాని కంటే ముందు వారికే తెలుస్తుంది. ఈ ఉదంతం వారికోసం కూడా.

ఇంటికి వచ్చాక చేయవలసిన పనులు రెండున్నాయి. ఫ్రిజ్‌ను ఆటోలో పడుకోబెట్టి తెచ్చి ఉంటే, నిలబెట్టిన తరువాత కొన్ని గంటలు ఆగి గాని స్విచ్ వేయవద్దు. కంప్రెసర్‌లోని నూనె తిరిగి కిందికి దిగాలి. ఇక బిల్లు చాలా చోట్ల థర్మల్ కాగితం మీద వస్తుంది. బీరువాలో ఎంత భద్రపరచినా మన ఎండలకు ఏడాది తిరిగేసరికి దాని మీది అక్షరాలు వెలిసిపోతాయి. ఆ రోజే దానిని జిరాక్స్ తీయించి, ఫోన్‌లో ఒక ఫోటో కూడా తీసి పెట్టుకోండి. సీరియల్ నంబరు, రాయించుకున్న ఆ కారణం రెండూ స్పష్టంగా పడ్డాయో లేదో చూసుకోండి.